గడిలో రెండు

రెండు, ఆ గడిలో ఉన్నది రెండు, ఎవరు పెట్టారు దాన్ని అక్కడ, అనుకుంటూనే ఆమె మీటింగు గదిలో చివరి కుర్చీ లాక్కుని కూర్చుంది, కుర్చీ కీచుమంది, మ్యూజియం డైరెక్టరు తల తిప్పి చూశాడు, తెర మీద అప్పటికే పెద్దక్షరాల్లో వేసేశారు, కొండ పాము, మైదానం పాము ఒకటే, డీఎన్‌ఏ చెప్పింది, కింద చిన్నగా తన పేరు, ఆహా, చెప్పిందట, ఏ నోటితో చెప్పిందో, మూడు నెలలుగా దానితోనే కాపురం చేస్తోంది తను, తనతో ఒక్క ముక్క మాట్లాడలేదు, ఈ సూటు మనుషులతో మాత్రం తెగ కబుర్లు చెప్పినట్టుంది, ఎదురుగా పొలుసుల మాస్టారు, చేతులు ఒళ్లో పెట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లాడిలా, రిటైరై తొమ్మిదేళ్లయినా రోజూ సీసాల గదికి వచ్చి, చచ్చిన పాముని వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట కింది పొలుసులు సూదితో లెక్కపెట్టే మనిషి, పదికో గుండుసూది గుచ్చుతాడు, ఆయన నూట అరవై దాటాక తను వెనకనుంచి కావాలని నూట పదకొండు, నూట పన్నెండు అంటుంది, అమ్మడూ, నీకు పుణ్యముంటుంది, ఆ నోటికి తాళం వెయ్యి, అని చివరి గుండుసూది దగ్గరికి వెనక్కి పోతాడు, కొండ పాముని వేరే ఉపజాతి అని పేరు పెట్టింది ఆయనే, ముప్ఫై ఏళ్ల కిందట, ఆ పేరు రక్షణ జాబితాలో ఉన్నంతకాలం కొండవాలు మీద గునపం దిగదు, పేరు పోయిందా, తవ్వే యంత్రాలు కింద రోడ్డు మీద ఇప్పటికే బారు తీరి ఉన్నాయి, పొద్దున బస్సులోంచి లెక్కపెట్టింది తను, పదకొండు, వాటికి పొలుసుల్లేవు కాబట్టి లెక్క తేలిక.

పొద్దున ఆయనే అన్నాడు కదా, నా మొహం చూసి అబద్ధం రాయకు అమ్మడూ, నేను పైది లెక్కపెట్టాను, నువ్వు లోపలిది లెక్కపెట్టావు, లోపలిదే నిజం కదా, అని, అంత మనిషి తల వంచేసరికి తనకి ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు, పోయి తన కంప్యూటర్లో ఆ ప్రోగ్రాం మళ్లీ తెరిచింది, ఎంత శాతం తేడా దాటితే వేరు అనాలి అని అడిగే గడి, అందులో ముందే కూర్చుని ఉంది రెండు, పక్కన చీమంత అక్షరాల్లో, కప్పల కోసం, కప్పల కోసం! ఎవరో, ఎక్కడో, కప్పలకి కుట్టిన చొక్కా, మూడు నెలల కిందట తను టీ తాగుతూ చూడకుండా ఎంటర్ కొట్టి పాములకి తొడిగేసింది, ఈ రెండు పాములకీ మధ్య తేడా ఒకటి పాయింట్ ఆరు, రెండు దాటలేదు కాబట్టి ఒకటే అంది యంత్రం, గడిలో ఒకటిన్నర ఉండుంటే వేరు అనేది, అంతే, ఇంతకంటే దానికి ఏ అభిప్రాయమూ లేదు.

అచ్చం నాయనమ్మలా, ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా వెలుతురులోకి తెమ్మని తీర్పు చెప్పేది, ముక్కు మనదే, చెవులు మాత్రం వాళ్లవి, తనకి మార్కులొచ్చిన ఏడాది ముక్కు మనదే, ఎదురు మాట్లాడిన రోజు అంతా వాళ్లమ్మ పోలిక, అదే ముక్కు, ఒక్క పూటలో ఈ వంశం నుంచి ఆ వంశానికి మారిపోయేది, ఆరో తరగతిలో అడిగేసింది తను, నువ్వు ఎప్పుడైనా ముక్కుని అడిగావా నాయనమ్మా, అని, చూశారా, ఈ నోరు కూడా వాళ్లదే, అంది నాయనమ్మ, ఇప్పుడు అదే నోరు దురద పెడుతోంది, జాబితా ఆఫీసు నుంచి వచ్చినావిడ వాచీ చూసుకుంటూ, మీరేనా చేసింది, ఇక్కడో సంతకం పెట్టేస్తే అయిపోతుందమ్మా, అంటోంది, డైరెక్టరు నవ్వుతున్నాడు, మా అమ్మాయి చాలా చురుకండీ, కాస్త మొహమాటం, మొహమాటమా, ఎవరికి, తనకా?

లేచింది, కుర్చీ మళ్లీ కీచుమంది, డీఎన్‌ఏ ఏమీ చెప్పలేదండీ, నేను చెప్పాను, అదీ చూడకుండా చెప్పాను, కూర్చోమ్మా, తర్వాత మాట్లాడుకుందాం, అన్నాడు డైరెక్టరు, కూర్చోను సార్, ఆ రెండు శాతం గీత కప్పల కోసం పెట్టింది, తప్పు నాది, పోతే నా ఉద్యోగం పోతుంది, కొండ ఎందుకు పోవాలి, గొంతు మాత్రం అమ్మది, గట్టిగా ఉంది, అప్పుడు డైరెక్టరు చల్లగా, అయితే మాస్టారి పొలుసులే దిక్కా, వాటికి ఎవరు పెట్టారో గీత, అన్నాడు, మంచి ప్రశ్నే, దొంగమొహం, మాస్టారూ, మీరు నూట తొంభై దాటితే మైదానం, లోపుంటే కొండ అన్నారు కదా, నూట తొంభై అని ఎవరు చెప్పారు మీకు, ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, ఎవరు చెబుతారమ్మడూ, నేనే అనుకున్నాను, అక్కడ కాస్త ఖాళీ కనపడింది, అన్నాడు సిగ్గుపడుతూ, తనకి నవ్వు ఆగలేదు, ఆయనా నవ్వాడు, ముప్ఫై ఏళ్ల నవ్వు, పళ్లు కొన్నే ఉన్నాయి.

సంచిలోంచి తీసింది, ఆయన పెన్సిలు చుక్కల పటం, పాము దొరికిన చోటల్లా ఒక చుక్క, దాని మీద తన పల్చటి కాగితం, డీఎన్‌ఏని బట్టి వేసిన రంగు చుక్కలు, పొద్దున్నే తీసిన ప్రింటు, రెండూ కలిపి కిటికీ అద్దానికి ఆనించింది, ఆయన చుక్కలు కొండ నుంచి మైదానానికి మారేది ఒక వాగు దగ్గర, తన రంగులు మారేదీ ఆ వాగు దగ్గరే, ఈయన లోపల చూడలేదు, నేను పైన చూడలేదు, ఒకరి జవాబు ఒకరికి తెలీదు, అయినా రెండు లెక్కలూ ఒకే చోట మారాయి, అంది, జాబితా ఆవిడ లేచి దగ్గరికొచ్చి వాగు మీద వేలు పెట్టింది, వాచీ సంగతి మర్చిపోయింది, మరి నేనేం రాసుకోను, డీఎన్‌ఏ వేరంటోందనా, పొలుసులు వేరంటున్నాయనా, అంది, ఏది చెప్పినా మళ్లీ అదే ముక్కు, అదే నాయనమ్మ, పాముకి ఈ గొడవ ఏదీ పట్టదు, అది వాగు దాటదు, అంతే, గీత గీసుకునేది మనుషులు, గీసి, మేం కాదు అది చెప్పింది అని ఎవరి చాటునో దాక్కునేదీ మనుషులే, కలం తీసుకుంది, సంతకం పెట్టాల్సిన కాగితం మీద ఒకటే, డీఎన్‌ఏ చెప్పింది అన్న మూడు మాటలూ కొట్టేసింది, పైన రాసింది, మేం చెబుతున్నాం, వేరని, కింద సంతకం పెట్టి కలం మాస్టారి చేతికిచ్చింది, ఆయన సంతకానికి వంగితే వెనకనుంచి అంది, నూట పదకొండు, నూట పన్నెండు.