సీలు తెంపిన సరుకు

"ఏమయ్యా, నిన్నే! మనిషినయ్యా నేను, గోడకు తగిలించిన క్యాలెండరును కాదు!"

వ్యానక్క అరుపుకు స్పేరుపార్టుల కొట్టు కౌంటరు దగ్గరున్న వాళ్ళంతా తలలు తిప్పారు. తిప్పాల్సినవాడు మాత్రం తిప్పలేదు. అతను ఎవరో మెకానిక్కుకు ఫ్యాను బెల్టు కొలిచిస్తూ, అటే చూస్తూ, ఇటు చెయ్యి ఊపి "రెండు నిమిషాలు" అన్నాడు.

ఆ మాట అతని నోట్లో ఎంతగా అరిగిపోయిందంటే, ఆ వీధిలో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్ళే లేరు. పిస్టన్లు కావాలన్నా, చిల్లర కావాలన్నా, కొట్టు ఎప్పుడు మూస్తారని అడిగినా అదే జవాబు. అందుకే అందరూ అతన్ని రెండునిమిషాలనే పిలుస్తారు. పిలిస్తే పలుకుతాడు కూడా, పాపం.

పొద్దుటి నుంచి వ్యానక్క ఈ కొట్టుకు రావడం ఇది మూడోసారి. మొదటిసారి వచ్చి వెనక చక్రం బ్రేకు సిలిండరు కొనుక్కుపోయింది. పెడలు తొక్కగానే ఆయిలు అందుకుని చక్రాన్ని పట్టి ఆపే ముక్క అది. చూడ్డానికి పిడికిలంత ఉంటుంది, వారం రోజుల డీజిలు డబ్బు మింగేసింది. షెడ్డుకు తీసుకెళ్తే మేస్త్రీ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది మన బండిది కాదు వదినా, బోల్టులు కూర్చోవడం లేదు" అన్నాడు. రెండోసారి వస్తే, వాపసు సంగతి ఓనరే చూడాలి, ఓనరు ఇంకా రాలేదు పొమ్మన్నారు. ఇప్పుడు ఓనరు వచ్చాడు. అద్దాల గదిలో కూర్చుని ఫోనులో ఎవరితోనో పకపకా నవ్వుతున్నాడు. ఆయన నవ్వు వింటుంటే వ్యానక్కకు ఒళ్ళు మండిపోతోంది.

మండదూ మరి! బండి షెడ్డులో ఒక చక్రం ఊడదీసి రాళ్ళ మీద నిలబడి ఉంది. మధ్యాహ్నం రెండు గంటల షిఫ్టుకు బట్టల ఫ్యాక్టరీ ఆడవాళ్ళను చేర్చాలి. ఒక్క షిఫ్టు తప్పినా ఇంకో బండి పెట్టుకుంటానని టైంకీపరు ముందే చెప్పాడు. ఆ ఒప్పందం పోతే ఇంట్లో పొయ్యి మీద గిన్నె ఎక్కదు. చూపు మందగించి మొగుడు స్టీరింగు వదిలిన నాటి నుంచి ఇల్లంతా ఈ నాలుగు చక్రాల మీదే నడుస్తోంది. ఆయన ఇదే కొట్టుకు వచ్చే రోజుల్లో "రా బావా, కూర్చో" అని స్టూలు వేసేవాళ్ళట. ఆ స్టూలు ఇప్పటికీ ఉంది. దాని మీద బేరింగుల డబ్బాలు పెట్టుకున్నారు.

ఫ్యాను బెల్టు మెకానిక్కు వెళ్ళాడు. ఇంకో ఇద్దరు మెకానిక్కులు వెనక నుంచి వచ్చి, ఆమె భుజం మీదుగా చేతులు చాచి, ఒకడు ప్లగ్గులడిగాడు, ఒకడు క్లచ్ ప్లేటడిగాడు. వాళ్ళు నెలనెలా సరుకు పట్టుకెళ్ళేవాళ్ళు. ముందు వాళ్ళకే. ఒక్క ముక్క కోసం వచ్చినవాళ్ళు ఓపిక ఉంటే నిలబడాలి, లేకపోతే లేదు. అదీ ఆ కొట్టు మర్యాద!

వ్యానక్క సిలిండరును కౌంటరు అద్దం మీద ఠపీమని పెట్టింది. అద్దం పగల్లేదు కానీ రెండునిమిషాలు మాత్రం ఉలిక్కిపడి ఇటు తిరిగాడు.

"నెమ్మదమ్మా, నెమ్మది. ఏం కావాలి?"

"ఏం కావాలా? పొద్దున నువ్వే కదా ఇచ్చావు ఇది! మా బండికి ఇది పట్టదు. పట్టేది ఇవ్వు."

అతను ముక్కను ముట్టుకోలేదు. దాని పక్కనున్న అట్టపెట్టె వైపు చూశాడు. "సీలు తెంపేశారు కదండీ. సీలు తెంపిన సరుకు వాపసు తీసుకోం. బోర్డు చూడండి."

"సీలు తెంపకుండా ఎలా బిగిస్తారయ్యా? పెట్టెతో సహా చక్రంలో దూర్చాలా?"

క్లచ్ ప్లేటు మెకానిక్కు కిసుక్కున నవ్వాడు. రెండునిమిషాలు మాత్రం నవ్వలేదు. గొంతు తగ్గించి, బట్టీ పట్టిన పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. "పాత ముక్క తెచ్చి చూపించండి. రెండూ పక్కపక్కన పెట్టి, నిజంగా తేడా ఉంటే అప్పుడు చూస్తాం."

వ్యానక్క కౌంటరు మీదుగా లోపలికి తొంగి చూసింది.

ఆ కొట్టులో ఒక పద్ధతుంది. ఏం కావాలన్నా పాతది తెచ్చి చూపించాలి. దాన్ని చూసి కొత్తది తీస్తారు. చూడటం అయిపోగానే పాతదాన్ని వెనక్కి కూడా తిరక్కుండా భుజం మీదుగా డ్రమ్ములోకి విసిరేస్తారు. అరిగిపోయిన ముక్కతో ఏం చేసుకుంటామని ఎవరూ అడగరు. డ్రమ్ము నిండితే ఓనరు పాత ఇనుముకు అమ్ముకుంటాడు. పొద్దున వ్యానక్క తెచ్చిన పాత సిలిండరు కూడా ఆ డ్రమ్ములోకే పోయింది. ఠంగుమన్న చప్పుడు ఆమె చెవిలో ఇంకా ఉంది.

"పాతది నీకే కదయ్యా ఇచ్చాను! నువ్వే కదా దాంట్లో పడేశావు!" కౌంటరు వెనకున్న డ్రమ్ము వైపు వేలు చూపించింది.

రెండునిమిషాలు డ్రమ్ము వైపు చూశాడు. చటుక్కున చూపు తిప్పుకున్నాడు. "నాకు గుర్తు లేదండీ" అన్నాడు.

అబద్ధం. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ఇంతలో ఆమె ఫోను మోగింది. మేస్త్రీ. "ఏమైంది వదినా? ఇచ్చారా?"

"ఇవ్వలేదు. నువ్వొకసారి వచ్చి మాట్లాడు. నేనంటే వీళ్ళకు మనిషిలాగే కనపడటం లేదు."

మేస్త్రీ మెల్లగా అన్నాడు. "నేనొచ్చి గొడవ పెట్టుకుంటే రేపటి నుంచి నాకు సరుకివ్వరు వదినా. నా సంగతి నీకు తెలుసు కదా. ఒక పని చేస్తా. ఆ చక్రానికి వెళ్ళే ఆయిలు పైపు మూసేస్తా. మిగతా మూడు చక్రాలతో ఆగుతుంది. మెల్లగా పోనిచ్చుకో."

వ్యానక్క కళ్ళు మూసుకుంది. ఆర్నెల్ల కిందట ఇలాగే పైపు మూసి నడిపింది. ఫ్యాక్టరీ ముందున్న దిగుడులో బ్రేకు తొక్కేసరికి బండి ఆగకుండా పక్కకు ఈడ్చుకుపోయి, గేటుకు జానెడు దూరంలో నిలబడింది. వెనక సీట్లలోంచి లేచిన కేక ఆమె ఒంట్లోంచి ఇంకా పోలేదు. ముందు సీట్లో కూర్చున్న పిల్ల నిండు చూలాలు. డోరు పట్టుకుని వణుకుతూనే "ఏం కాలేదులే అక్కా" అని ఆమే ధైర్యం చెప్పింది.

"వద్దు. పైపు ముట్టుకోకు" అని ఫోను పెట్టేసింది.

తర్వాత ఆమె చేసిన పని ఆ కొట్టులో ఏ కొనుగోలుదారూ ఏనాడూ చెయ్యలేదు. కౌంటరు చివరనున్న మడత చెక్కను ఎత్తి లోపలికి వెళ్ళింది. పమిట నడుముకు దోపుకుంది. డ్రమ్మును రెండు చేతులా పట్టుకుని ఒక్క ఊపున పడదోసింది.

ఆ చప్పుడుకు అద్దాల గదిలో నవ్వు ఆగిపోయింది. అరిగిన బ్రేకు షూలు, విరిగిన స్ప్రింగులు, నల్లబడ్డ ప్లగ్గులు, బేరింగులు, గ్రీజు ముద్దలు నేలంతా దొర్లాయి.

"ఏయ్! ఏంటది? ఎవరామె?" ఓనరు గది తలుపు దగ్గరికి వచ్చాడు. చేతిలో ఫోను అలాగే ఉంది. "ఏం చూస్తున్నావురా? బయటికి పంపించు!"

రెండునిమిషాలు పరుగున వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెయ్యి పట్టుకోబోయి, ఎలా పట్టుకోవాలో తెలియక ఆగిపోయాడు.

"లే అక్కా, నీకు దండం పెడతా." ఇప్పటిదాకా ఉన్న "అండీ" ఎటు పోయిందో పోయింది. "ఇది వాపసొస్తే నా జీతంలో కోస్తారు. పోయిన నెల కూడా కోశారు. ఇంటి అద్దె కట్టలేక తలుపు వేసుకుని కూర్చుంటున్నా."

"అంటే తప్పు ముక్క ఇచ్చానని నీకు తెలుసన్నమాట."

అతను నీళ్ళు నమిలాడు. "నువ్వెళ్ళిన కాసేపటికే తెలిసింది. నీది కొత్త మోడలు. రెండూ ఒకే అరలో ఉంటాయి. అక్కడ లైటు పోయి చాలా రోజులైంది, చెప్పినా వెయ్యడు. తడుముకుని తీస్తా."

"తెలిసీ తిప్పావా నన్ను? ఈ ఎండలో? ఇన్నిసార్లు?"

చెంప పగలగొట్టాలనిపించింది వ్యానక్కకు. ఆడవాళ్ళతో బండి నిండా ఉన్నప్పుడు బ్రేకు ఆగకపోతే వీడు వస్తాడా అడ్డం పడుకోవడానికి? కానీ అతని మొహం చూస్తే చెయ్యి లేవలేదు. ఆ మొహం ఆమెకు కొత్త కాదు. రోజూ సాయంత్రం బండెక్కే మొహాలే అవి. సూది విరిగిన మిషను మీద కుట్టించి, కాలరు వంకరగా వచ్చిందని కూలి కోస్తే, ఆ ముందు సీటు పిల్ల దారంతా కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. మిషను బాగు చేయించనివాడికి ఏ కోతా లేదు.

"దేంట్లో చుట్టి ఇచ్చానో గుర్తుందా?" అంది చివరికి.

అతను ఓనరు వైపు చూశాడు. నేల వైపు చూశాడు. చాలా మెల్లగా, పెదవి కదపకుండా అన్నాడు. "పసుప్పచ్చ గుడ్డ. పొద్దుటిది కాబట్టి అడుగునుంటుంది."

ఫ్యాక్టరీలో కత్తిరింపులు పోగా మిగిలే పీలికలవి. బండి తుడుచుకోవడానికి ఆ ఆడవాళ్ళే తెచ్చిస్తుంటారు. వ్యానక్క రెండు చేతులతో ఇనుమును తోసింది. వేలు తెగింది. ఇంకా తోసింది. బ్రేకు షూల కింద, నూనెలో నానిన పసుపు పీలిక కనబడింది. దాన్ని లాగి, విప్పి, లేచి వెళ్ళి పాత ముక్కను కౌంటరు మీద కొత్తదాని పక్కన పెట్టింది.

ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. కొత్తది వేలి మందం పొట్టి. గుడ్డివాడు తడిమినా తెలుస్తుంది. ప్లగ్గుల మెకానిక్కు వంగి చూసి, "ఇదేం ఘోరమయ్యా" అన్నాడు. క్లచ్ ప్లేటువాడు ఈసారి నవ్వలేదు.

ఓనరు వచ్చి చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళనూ చూశాడు. ఆయన మొహంలోకి చిరునవ్వు వచ్చింది.

"సరేనమ్మా. తప్పే. మేము కాదంటామా? కస్టమరే కదా మాకు ముఖ్యం!" అని రెండునిమిషాలు వైపు తిరిగాడు. "ఒరేయ్, ఆవిడకు కొత్త మోడలుది తీసివ్వు. ఈ సీలు తెంపింది నీ జీతంలో రాసుకో."

రెండునిమిషాలు చీకటి మూలలోకి వెళ్ళాడు, తడుముకున్నాడు, ఈసారి వెలుతురులోకి తెచ్చి నంబరు చదివి చూశాడు. సీలున్న పెట్టెను ఆమె ముందు పెట్టాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

వ్యానక్క చెయ్యి ముందుకు వెళ్ళింది. వెళ్ళదా మరి! ఇప్పుడు తీసుకుని పరిగెత్తితే మేస్త్రీ గబగబా బిగించేస్తాడు. షిఫ్టు అందుతుంది. ఒప్పందం నిలబడుతుంది. పొద్దుటి నుంచి చుక్కలు చూపించినవాడి జీతం ఎంత తెగితే ఆమెకేం?

పెట్టె మీద వేళ్ళు ఆనాయి. ఆనిన వేళ్ళు అక్కడే ఆగాయి.

"ఇతని జీతంలో ఎందుకు?" అంది.

"నీకెందుకమ్మా? నీ ముక్క నీకొచ్చింది."

"రెండు రకాలూ ఒకే అరలో పెట్టింది నువ్వు. ఆ మూల లైటు వెయ్యనిది నువ్వు. తడుముకుని తీస్తే తప్పు రాక ఏమొస్తుంది? అది కోస్తావనే కదా నేను కళ్ళముందు నిలబడినా ఇతను గుర్తు లేదన్నాడు! రేపు ఇంకొకరొస్తారు, వాళ్ళకూ గుర్తు లేదనే అంటాడు. ఆ ముక్క కంపెనీకి వాపసు పంపించుకుంటావో, నీ నెత్తిన పెట్టుకుంటావో నీ ఇష్టం. అతని జీతం ముట్టుకోనని చెప్పు, తీసుకుంటా."

ఓనరు చిరునవ్వు పోయింది. "బ్రేకు కావాలా, వద్దా?"

"కావాలి. అతని కంచంలోంచి తీసిస్తే వద్దు."

ఇదేం పిచ్చి, ఎవడి కోసం ఇది, అని లోపల ఎవరో తిడుతూనే ఉన్నారు. ఫోను మోగింది. టైంకీపరు.

"ఎక్కడున్నావు? ఆడవాళ్ళంతా స్టాపులో ఎండకు మాడుతున్నారు. వస్తున్నావా, వేరే బండికి చెప్పమంటావా?"

"బ్రేకు లేదు బాబూ. బ్రేకు లేని బండి తీసుకురాను."

"నీ బ్రేకుల గొడవ నాకెందుకు? వస్తావా, రావా?"

వ్యానక్క తెగిన వేలును పసుపు పీలికతో చుట్టుకుంది. "బ్రేకు లేకుండా రాను" అంది. అటువైపు ఫోను పెట్టేసిన చప్పుడు వినబడింది.

ఓనరు గొంతు సవరించుకుని, "పని చూడండయ్యా, పని! ఈమె ఎంతసేపు నిలబడితే నిలబడనీ. ఒరేయ్, ఆ క్లచ్ ప్లేటు ఏదో ఇచ్చి పంపించు" అన్నాడు.

క్లచ్ ప్లేటువాడు అలవాటు కొద్దీ చెయ్యి చాచాడు. "ఏమయ్యా రెండునిమిషాలూ..."

రెండునిమిషాలు నోరు తెరిచాడు. పొద్దుటి నుంచి, ఏళ్ళ నుంచి, ఆ నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే. అందరూ దాని కోసమే చూశారు. అది రాలేదు.

"ముందు ఆమెది తేలాలి" అన్నాడు.

రెండు చేతులూ కౌంటరు మీద పెట్టి నిలబడ్డాడు. ఓనరు ఏదో అంటున్నాడు, గట్టిగానే అంటున్నాడు. క్లచ్ ప్లేటువాడు చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. అద్దం మీద పొట్టి ముక్క, పొడుగు ముక్క పక్కపక్కనే ఉన్నాయి, వాటి ముందు సీలు తెంపని పెట్టె ఉంది. గోడ గడియారంలో రెండు దాటింది.