పదిహేడో భాగం నా పేరున

జాబితాలో పదిహేడో నంబరు ఎదురుగా నా పేరు చూసేసరికి చేతిలో గరిటె జారి కూరలో పడింది. నా పేరంటే నా సొంత పేరు కాదు, "సారా అమ్మ" అని. ఆ గ్రూపులో అందరం పిల్లల పేర్లతోనే ఉంటాం.

అది మూర్ఛ వచ్చే పిల్లల తల్లుల గ్రూపు. మా ఊరు కూచింగ్‌లో మసీదుకి వెళ్ళే ఆడవాళ్ళు నలుగురు మొదలుపెట్టారట, ఇప్పుడు ముప్పై మందిమి. రెండేళ్ళ కిందట మా సారాకి మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు ఆసుపత్రిలో ఏడుస్తూ కూర్చుంటే, ఒక నర్సమ్మ నా ఫోన్ తీసుకుని అందులో చేర్చింది. మీరెవరు, ఏ మతం అని ఆమె అడగలేదు, వాళ్ళూ అడగలేదు. సారా అనే పేరు ముస్లింలలోనూ ఉంటుంది, మాలోనూ ఉంటుంది. మేము ఇక్కడి కొండజాతి బిదాయూలం, ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళం. మొదటి వారం ఆ మాట చెప్పాలని తోచలేదు. తోచేసరికి చెప్పడానికి భయం పట్టుకుంది.

అబద్ధమైతే ఎప్పుడూ ఆడలేదు. వాళ్ళు సలాం చెప్పుకుంటుంటే నేను "అక్కలందరికీ శుభోదయం" అని పెట్టేదాన్ని. ఎవరైనా పోతే వాళ్ళు రాసుకునే ప్రార్థన మాటలు నా నోటితో అనకూడదేమోనని, "మీ బాధలో నేనూ ఉన్నాను" అని రాసేదాన్ని. రంజాన్ నెలలో పగటిపూట తిండి ఫోటో ఒక్కటి పంపి ఎరగను. పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో చెంచా పెట్టకూడదని, ముందు గడియారం చూడాలని నాకు నేర్పింది వాళ్ళే. వాళ్ళు లేకపోతే మా అత్తగారి చెంచాతో నా పిల్ల పళ్ళు ఊడి ఉండేవి.

ఇక ఆ జాబితా సంగతి. గ్రూపు పెద్ద జబేదా అక్క. ఆమె కొడుకు హకిమికి తొమ్మిదేళ్ళు. జబ్బు మందులకి లొంగక తలకి ఆపరేషన్ చేస్తామన్నారు, క్వాలాలంపూర్‌లో, ఈ రంజాన్‌లోనే, శుక్రవారం. ఖురాన్ ముప్పై భాగాలు కదా, ముప్పై మంది తల్లులు తలా ఒకటి చదివి ఆపరేషన్‌కి ముందే పూర్తి చేయాలనుకున్నారు. జబేదా చెల్లెలు మస్తూరా నంబర్లు వేసి పెట్టింది. చదివినవాళ్ళు పేరు పక్కన టిక్కు పెట్టాలి.

ముప్పై ఏడేళ్ళ మనిషిని, మూడో ఫారంతో చదువు మానేసినదాన్ని, అయినా నా లెక్క నాకు వెంటనే తేలిపోయింది. పదిహేడోది ఎవరూ చదవరు. ఒక భాగం తక్కువైపోతుంది. ఆ పిల్లాడికి జరగరానిది జరిగితే అది నావల్లే.

"టిక్కు పెట్టేసి ఊరుకో," అన్నాడు మా ఆయన సుజాంగ్.

"దేవుడి పుస్తకం మీద దొంగ టిక్కా? ఏం మనిషివి నువ్వు."

"అయితే నిజం చెప్పెయ్. రెండేళ్ళ నుంచి ఆ గ్రూపులో, వాళ్ళింట్లో చెప్పులు విప్పి కూర్చున్నంత బుద్ధిగా ఉన్నావు. మతం పేరు చెప్పడానికేం."

"గ్రూపులోంచి తీసేస్తే? సారాకి మళ్ళీ వస్తే ఎవర్నడగను, నిన్నా? గడియారం చూడవయ్యా అంటే క్యాలెండర్ చూసినవాడివి."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. సోమవారానికి పద్దెనిమిది టిక్కులు. మంగళవారానికి ఇరవై ఆరు. బుధవారం మధ్యాహ్నానికి ఇరవై తొమ్మిది, పదిహేడు ఒక్కటే బోడిగా ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే నన్ను చంపేసింది. చూసి ఊరుకున్నారంటే లోపల ఏమనుకుంటున్నారో.

పొద్దు గుంకే వేళ కోసం చూశాను. ఆ టైములో అందరూ ఉపవాసం విడుస్తారు, నమాజుకి లేస్తారు, ఫోన్లు ముట్టరు. రాసేసి, వాళ్ళు చూసేలోపు గుండె దిటవు చేసుకోవచ్చు. జబేదా అక్కకి విడిగా పంపాను: "అక్కా, నన్ను క్షమించు. నేను ముస్లింని కాను, క్రైస్తవురాలిని. పదిహేడోది ఇంకెవరితోనైనా చదివించు. హకిమికి లోటు పడకూడదు. గ్రూపులోంచి తీసేసినా ఏమీ అనుకోను."

ఆ చివరి మాట ఒక్కటే అబద్ధం.

ఫోన్ బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టి వెనక్కి తిరిగానో లేదో, మోగింది. అప్పుడు గుర్తొచ్చింది. జబేదా సముద్రం అవతల, పడమటి దిక్కున, క్వాలాలంపూర్‌లో ఉంది. ఇక్కడ మనకి పొద్దు గుంకినా అక్కడ ఇంకా ముప్పావు గంట వెలుగుంటుంది. ఇంత బుర్రలేనిదాన్ని.

"సారా అమ్మా, ఎందుకలా వణికిపోతూ రాశావు?" అంది.

"అక్కా, నేను..."

"నాకు పోయిన రంజాన్ నుంచి తెలుసు."

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"అందరి నోట్లో ఖర్జూరం ఉన్న టైములో నీ ఒక్కదాని జవాబే వచ్చేది. మిరి ఊరి నుంచి ఒకావిడ పిల్లకి ఫిట్స్ అని మొత్తుకుంటే ఎవరు పలికారు? మేమందరం సూప్ తాగి, నమాజు చేసి వచ్చి చూస్తే, నువ్వు ఆవిడతో పదకొండు మెసేజీలు నడిపి పిల్లని ఆసుపత్రికి చేర్పించావు. ఉపవాసం ఉన్న మనిషికి ఆ టైములో అంత ఓపిక ఉంటుందా?"

"మరి జాబితాలో నా పేరు..."

"మస్తూరా ఫోన్లో ఉన్న పేర్లన్నీ దించేసింది. చూసి నాలిక కరుచుకున్నాను. అందరి ముందు కొట్టేస్తే నువ్వు నొచ్చుకుని వెళ్ళిపోతావేమోనని నోరెత్తలేదు. పదిహేడోది మొన్ననే నేను చదివేశాలే."

"వారం నుంచి నాకు సరిగ్గా అన్నం సహించడం లేదక్కా."

"బాగుంది. ఉపవాసం మాది, పస్తు నీదా."

ఆమె వెనక ఎక్కడో ఆసుపత్రి మైకులో ఎవరినో పిలుస్తున్నారు.

"మా పద్ధతిలో మేము వాడి కోసం ప్రార్థన చేసుకోవచ్చా అక్కా?"

"నన్నడిగి చేస్తావా? మానేస్తే కోప్పడతాను," అంది. ఆ తర్వాత గొంతు మారింది. "శుక్రవారం నా కళ్ళు ఫోన్ మీద ఉండవు. సాయంత్రం వీళ్ళందరూ ఇఫ్తార్‌లో, ఉపవాసం విడిచే పనిలో ఉంటారు. పిల్లల తల్లులు ఎవరైనా పిలిస్తే నువ్వు పలుకుతావా?"

శుక్రవారం సారా అన్నం ముందు చేతులు జోడించి, "హకిమి అన్నయ్య తల కూడా," అని తనంతట తానే చేర్చుకుంది. నేను ముద్ద కలిపాను కానీ నోట పెట్టలేదు. సరిగ్గా పొద్దు గుంకాక బింతులు ఊరి నుంచి కొత్తగా చేరిన ఒకమ్మాయి రాసింది, బాబు కొట్టుకుంటున్నాడని. ఎడమ చేత్తో జవాబిచ్చాను. పక్కకి తిప్పు. నోట్లో ఏదీ పెట్టకు. గడియారం చూడు, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి. మూడో నిమిషానికి ఆగిందని రాసింది. నా మెతుకులు చేతికే ఎండిపోయాయి.

అప్పుడే గ్రూపులో జబేదా మెసేజి వచ్చింది. "కళ్ళు తెరిచాడు. నీళ్ళడిగాడు."

ముప్పై మందిలో ఆ కబురు ముందు చూసింది నేనే. ఫోన్ సుజాంగ్ వైపు తిప్పి పట్టుకున్నాను. ఆయన నా మొహం చూసి హడలిపోయాడు, తర్వాత ఫోన్ చూసి నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేశాడు. అరగంటకి అక్కలందరూ నమాజుల నుంచి లేచొచ్చారు, ఇక గ్రూపు ఆగలేదు. మస్తూరా జాబితా మళ్ళీ పెట్టింది. పదిహేడు ఎదురుగా టిక్కు ఉంది, పక్కనే "జబేదా చదివింది, సారా అమ్మ కాపలా ఉంది" అని ఉంది.

అది చూసుకున్నాక నాకు ఇంకో భయం పట్టుకుంది. రంజాన్ ఇంకా పదకొండు రోజులుంది. సాయంత్రం పూట కరెంటు పోతే, ఫోన్ ఆగిపోతే? పక్కింటికి వెళ్ళి వాళ్ళ ఛార్జింగు డబ్బా కూడా అడిగి తెచ్చుకున్నాను.