లోపలి మడత

"చెప్పండి చూద్దాం. కొత్త గుడ్డ ఎక్కువ నీళ్ళు తాగుతుందా, పాత గుడ్డా?"

అమ్మమ్మ అడిగిందంటే అది పరీక్షే. ముప్పై రెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. రిటైరైనా సుద్దముక్క కింద పెట్టలేదని ఇంట్లో వెక్కిరిస్తారు. ఆమె పెద్దకూతురి పిల్లలిద్దరూ ఎదురుగా బాసింపట్టు వేసుక్కూర్చుని, ఉతికి ఆరిన లంగోటీలు మడతపెడుతున్నారు. పక్కన చాప మీద చిన్నకూతురి పాప నిద్రపోతోంది.

"కొత్తదే. దానికి బలం ఎక్కువ," అన్నాడు మనవడు.

అమ్మమ్మ కొత్త గుడ్డ మీద చెంచాడు నీళ్ళు పోసింది. నీళ్ళు గాజుగోళీల్లా దొర్లి మనవడి మోకాలి మీద పడ్డాయి. పాత గుడ్డ మీద పోసింది. చప్పుడు లేకుండా మాయమైపోయాయి.

"కొత్త గుడ్డకి గీర. అయిదారు ఉతుకులు పడితే గానీ దిగదు. అందుకే చంటిపిల్లలకి మెత్తబడ్డ నూలుగుడ్డ కట్టాలి. మరి పాతగుడ్డతో చిక్కేమిటి?"

"తొడుక్కున్నవాళ్ళ అలవాట్లు దాంట్లోనే ఉండిపోతాయి," అంది మనవరాలు, ఎక్కం అప్పజెప్పినట్టు.

"ఆఁ. అయితే మీ పిన్ని ఉద్యోగం మానేయబోయిన సంగతి వినండి."

పిన్ని బస్సు డ్రైవరు. డ్రైవరు సీటు ఎక్కడానికి ముందు మూడేళ్ళు కండక్టరుగా నిలబడి పనిచేసింది. పాప పుట్టినప్పుడు మరీ చిన్నది కాబట్టి అందరూ పిడికెడు అన్నారు. ఆరు నెలలకి బుగ్గలు వేలాడుతున్నా ఆ పేరు పోలేదు. వాడి పారేసే డైపర్లకి పిల్ల తొడలు ఎర్రగా కందిపోతే, అమ్మమ్మ కత్తెర అందుకుంది.

ఎవరి గుడ్డ కత్తిరించాలన్నదే పెద్ద చర్చ అయిపోయింది. వడ్రంగి పనిచేసే చిన్నల్లుడు తన పాత చొక్కా ఇచ్చాడు. అది కట్టిన రోజు పాప, పాలకి లేపితే "ఊఁ ఊఁ" అని అటు తిరిగి పడుకుంది. అమ్మమ్మ తలగడ గలీబు కట్టారు. ఇంట్లో ఎవరు గట్టిగా మాట్లాడినా పాప చూపుడువేలు లేపింది. చివరికి, చుట్టాలొస్తే పరిచే దుప్పటి తేలింది. దాని మీద ఎవరూ నాలుగు రోజులకి మించి పడుకోలేదు, అలవాటు పట్టేంత తీరిక దానికి లేదు. కుట్టేపని చిన్నకూతురు తనే తీసుకుని, లోపల దళసరిగా మడతలు పెట్టి డజను లంగోటీలు కుట్టేసింది.

కాన్పు సెలవు అయిపోవడానికి వారం ఉందనగా, పాపకి అమ్మ లేకుండా ఉండే సాధన మొదలైంది. ఏడున్నరకి చిన్నకూతురు బయల్దేరినట్టే బయల్దేరి ఎదురింట్లో కూర్చునేది. పిడికెడు అందుకునేది రాగం. అదీ మామూలు ఏడుపు కాదు. కాసేపు ఏడ్చి, ఠక్కున ఆపి, అటూ ఇటూ చూసి, మళ్ళీ కదిలేది. ఇలా మధ్యాహ్నం దాకా.

శనివారానికి కూతురు రాజీనామా రాసేసింది.

"నన్ను విడిచి ఉండలేకపోతోందమ్మా. సోమవారం డిపోలో ఇచ్చేసి వస్తాను."

"ఆ సీటు లేకుండా నువ్వుండగలవా?"

కూతురు పాప జుట్టు సర్దింది.

"ఆ కాయితం గడియారం కింద పెట్టు. ఇంకా ఆదివారం ఉంది," అంది అమ్మమ్మ.

ఆదివారం కూతురు ఎక్కడికీ వెళ్ళలేదు. పాపని ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. అయినా సరిగ్గా ఏడున్నరకి పిడికెడు మూతి విరిచి మొదలుపెట్టింది.

అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "నువ్విక్కడే ఉన్నావు కదే! మరి ఎవరికోసం?"

పిల్లని భుజానేసుకుని ఇంటి చుట్టూ తిప్పుతూ, ఏడుపు ఆగినప్పుడల్లా గోడమీద పెన్సిలుతో గీత పెట్టింది. ఏడుపు మొత్తానికి ఆగాక లెక్క చూసుకుంది.

"నీ రూట్లో స్టాపులెన్ని?"

"పదకొండు."

"ఇక్కడా పదకొండే. ఈ లంగోటీల్లో లోపలి మడత ఏ గుడ్డ?"

కూతురు నాలిక్కరుచుకుంది. "నా పాత యూనిఫారాలమ్మా. లోపలిదేగా, ఎవరు చూస్తారని..."

"లోపలిదేగానా! తడిసేది అదీ, పీల్చేది అదీ. పిల్ల నీ కోసం ఏడవట్లేదే పిచ్చిమొహమా, డ్యూటీకి ఆలస్యమైందని ఏడుస్తోంది!"

అల్లుడు నవ్వాపుకోలేక బయటికి పోయాడు.

"బట్టలు మెత్తబడేందుకు వేస్తారే, ఆ వాసన మందులో నానబెడితే అలవాటు పోదా?" అంది కూతురు.

"పోతుంది. నీళ్ళు పీల్చడం కూడా మర్చిపోతుంది."

అమ్మమ్మ లోపలికెళ్ళి పెట్టె తెరిచింది. అడుగున నీలిగళ్ళ చొక్కా ఒకటి ఉంది. తాతయ్యది. ఆయన పోయి నాలుగేళ్ళు. గడియారాలు బాగుచేసేవాడు. సాయంత్రం కొట్టు మూసి బడి గేటు దగ్గర నిలబడేవాడు. కాపీ పుస్తకాలు దిద్ది ఈవిడ ఎప్పుడొచ్చినా, ఒక్కనాడూ "ఇంతసేపా" అనలేదు. ఈవిడ రావడానికి అయిదు నిమిషాల ముందు మాత్రం కళ్ళజోడు తీసి ముక్కు మీది గాడిని రెండుసార్లు రుద్దుకునేవాడు. ఆయనకెలా తెలిసేదో గానీ, గేటు కాపలా మనిషి అది చూసే తాళంచెవి తీసేవాడు.

"వద్దమ్మా. నాన్నది అదొక్కటే మిగిలింది."

"పెట్లో ఏం చేస్తోందే ఇది? దీనికొచ్చిన పని ఎదురుచూడటం. పెట్లో ఎవరికోసం చూస్తుంది?"

చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత కత్తెర ఆడింది. వీపులోంచి నాలుగు, చేతుల్లోంచి రెండు. పాతవి విప్పి, ఆరింటికీ లోపలి మడత మార్చింది.

సోమవారం ఏడున్నరకి కూతురు బూట్లు వేసుకుని, గుమ్మంలో ఆగి, గట్టిగా ఊపిరి పీల్చి వెళ్ళిపోయింది. పిడికెడు తలుపు వైపు చూసింది. ఇంకేం చెయ్యాలా అన్నట్టు తన కాలివేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. పాలు తాగింది, నిద్రపోయింది, లేచింది, మళ్ళీ తలుపు చూసింది. మొహంలో తొందరే లేదు. నాలుగు దాటాక పిడికిలితో ముక్కు మీద రెండుసార్లు రుద్దుకుంది. అయిదు నిమిషాలకి గుమ్మంలో బూట్ల చప్పుడైంది.

"మరి పిన్ని రాజీనామా?" అడిగాడు మనవడు.

"కుట్టుమిషను బల్ల కాలు కింద మడిచిపెట్టాను. వడ్రంగి ఇంట్లో బల్లకే ఒక కాలు పొట్టి కదా."

మనవరాలు నవ్వలేదు. "తాతయ్య చొక్కా అయిపోయింది కదా. నీకేం అనిపించదా?"

అమ్మమ్మ కిటికీలోంచి చూసింది. మబ్బు కమ్ముతోంది. పాపకి కట్టింది పోను, నీలిగళ్ళ మడతవి అయిదూ దండెం మీద అలాగే ఉన్నాయి. చాప మీద పాప అప్పుడే కళ్ళు తెరిచింది.

"మిగతావి మీరు మడవండి. అంచులు లాగకండి, సాగుతాయి," అంటూ మోకాళ్ళు పట్టుకుని లేచి పెరట్లోకి నడిచింది. పిడికెడు కళ్ళు ఆమె వెనకాలే వెళ్ళి గుమ్మం దగ్గర ఆగాయి.

చినుకు పడేలోపు తీసెయ్యాలి. అయినా అమ్మమ్మ ఒక్కో క్లిప్పూ తీరిగ్గా తీస్తోంది.

"అమ్మమ్మా! పాప ముక్కు రుద్దుకుంటోంది! పిన్ని వచ్చే టైమింకా కాలేదుగా?"

దండెం దగ్గర చెయ్యి ఆగింది. అమ్మమ్మ బడి గేటు దాటిన రోజుల్లోలా జుట్టు సవరించుకుంది.

"పిన్ని కోసం కాదులే. అయిదు నిమిషాల్లో వస్తున్నానని చెప్పు," అని తర్వాతి క్లిప్పు తీసింది.