కత్‌బర్ట్‌కు మొదటి వాక్యం

గ్వావ్ రేవులో చదువుకున్నవాళ్లను ఎవరిని నిద్రలేపి అడిగినా అయోనా టీచర్ సూత్రం ఒప్పజెప్తారు. పేరాకు మొదటి వాక్యం తల. మిగతావన్నీ దాని వెంట నడవాలి, నడవనిదాన్ని కొట్టేయాలి. ఎర్రపెన్నుతో ఆవిడ నరికిన వాక్యాలకు లెక్కలేదు. అలాంటావిడకు సొంత మొగుడి మీద ఒక్క పేరా రాయాల్సి వచ్చేసరికి ముచ్చెమటలు పట్టాయి.

మర్నాడే కత్‌బర్ట్ ఖననం. చర్చిలో పొగడ్తలు పొద్దుగూకేదాకా సాగుతున్నాయని విసిగిపోయిన ఫాదర్, ఇకమీదట ఒక్క పేరా చాలని తేల్చేశాడు. టీచర్ మొదటి వాక్యం రాసింది: "కత్‌బర్ట్ ఇల్లు తప్ప వేరే లోకం తెలియని మనిషి." చూసుకుని మురిసిపోయింది. దాని కిందికి ఒక్క వాక్యమూ రానంది.

ఎలా వస్తుంది పాపం! ప్రతి శనివారం ఆ మహానుభావుడు పడవ దిగి సరాసరి కొండమీది ఇంటికి వెళ్లేవాడు. అక్కడ కొబ్బరిపాలలో ఉడికిన బ్రెడ్‌ఫ్రూట్ ముక్కలు కడుపునిండా తిని, ఇంటికొచ్చి "ఆకలి లేదే అయోనా" అనేవాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగింది. ఊరంతా చూసింది. టీచర్ మాత్రం చూడకూడదని పంతం పట్టింది.

సాయంత్రం ఆ కొండమీది ఇంటి కూతురు మెర్లీన్ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఒకప్పుడు టీచర్ దగ్గరే చదువుకున్న పిల్ల.

"రేడియోలో చావు కబురుతో పాటు చుట్టాలందరి పేర్లూ చదివించారు. బ్రూక్లిన్‌లో ఉన్న మేనల్లుడి కుక్క పేరొక్కటే వదిలేశారు. నా పేరేది టీచర్?"

"ఏమే, ఇంటికొచ్చి నిలదీస్తున్నావా?"

"బతిమాలుకుంటున్నా. చర్చిలో చదివేదాంట్లోనైనా పెట్టండి. లేకపోతే రేపు మా నాన్న పెట్టె వెనక ఎవరి కూతురినని నడవను?"

టీచర్ కాగితం ముందుకు తోసింది. "నువ్వే చూడు. నీ పేరు ఇందులో ఎక్కడ ఇముడుతుందే?"

మెర్లీన్ చదివి నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "చిన్నప్పుడు 'మా ఇంట్లో శనివారం' అని పేరా రాయమన్నారు, గుర్తుందా? 'మా నాన్న చేపలు తెస్తాడు' అని రాశా. ఈ వాక్యం ఇక్కడిది కాదని కొట్టేశారు. అందులో నిజం అదొక్కటే టీచర్. మిగతావన్నీ అల్లి రాశా. వాటికి మాత్రం మంచి మార్కులేశారు."

అని వెళ్లిపోయింది. టీచర్‌కు ఒళ్లు మండిపోయింది, మొగుడి మీద, ఆ పిల్ల మీద, అంతకన్నా తన సూత్రం మీద. ఎంతసేపు కూర్చున్నా ఆ తలకు మొండెం దొరకలేదు. చివరికి ఎర్రపెన్ను తీసి, జీవితంలో మొదటిసారి, మొదటి వాక్యాన్నే కొట్టేసింది.

మర్నాడు చర్చి కిటకిటలాడింది. టీచర్ కళ్లజోడు సర్దుకుని చదివింది.

"కత్‌బర్ట్ రెండిళ్ల మనిషి."

ఊగుతున్న విసనకర్రలన్నీ ఆగిపోయాయి. ఫాదర్ దగ్గాడు. టీచర్ ఆగలేదు. శనివారాలు, చేపలు, లేని ఆకలి, కూతురు మెర్లీన్, అన్నీ బుద్ధిగా ఆ మాట వెనకే నడిచాయి. కొట్టేయడానికి ఒక్క వాక్యం లేదు.

కిందికి దిగి ముందు బల్ల మీద కూర్చుని, పక్కనున్న తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. తలుపు దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ మెర్లీన్‌ వైపు తిరిగింది.

"అక్కడేం చేస్తున్నావే? రా. నీ చోటు ఇక్కడ."