అటువంటి వారి ఆహ్వాన సంఘం

ఆ విచారణలో, అంటే ఆ కతోలిక గుడికి చెందిన కుటుంబాల్లో, వయసు మళ్ళినవాళ్ళు సగం మంది ఆమెన్ అనేది అతను చేసిన పళ్ళతోనే. దంతవైద్యుడి క్లినిక్ వెనక ఉన్న ఇరుకు గదిలో ఇరవై రెండేళ్ళుగా అతను కట్టుడుపళ్ళు చేస్తున్నాడు. నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, మైనం మీద ఒక్కొక్క పన్నే నిలబెట్టి, గులాబీరంగు చిగుళ్ళు పోత పోసి, అరగదీసి మెరుగు పెడతాడు. అందుకే అందరికీ అతను పళ్ళ మేస్త్రి. గుడి రిజిస్టరులో ఉన్న జ్ఞానస్నానపు పేరు అతనికే ఎప్పుడో గాని గుర్తుకు రాదు.

నలభై ఆరేళ్ళు వచ్చినా పెళ్ళి చేసుకోలేదు. ఒక సిటీ బస్సు డ్రైవరుతో పదకొండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాడు. ఆ డ్రైవర్ని అందరూ ‘మేస్త్రి రూమ్మేటు’ అంటారు. ఒకే కుక్కర్, ఒకే మంచం, ఒకే గ్యాస్ కనెక్షన్ ఉన్న రూమ్మేట్లు లోకంలో ఎంతమంది ఉంటారని ఎవరూ ఆరా తీయలేదు. ఆరా తీయకపోవడమే అక్కడి మర్యాద.

ఇలా ఉండగా బిషప్‌గారి దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. గుడికి దూరంగా ఉండిపోయిన వారిని, ముఖ్యంగా స్వలింగ ప్రేమికులైన విశ్వాసులను ఆదరించి అక్కున చేర్చుకునేందుకు ప్రతి విచారణలోనూ ఒక సంఘం ఏర్పాటు చేయాలని దాని సారాంశం. విచారణ గురువైన ఫాదర్ వచ్చి ఎనిమిది నెలలే అయింది. ముప్పై అయిదేళ్ళ మనిషి, మెత్తనివాడు. ఆయన వెంటనే సంఘం వేశారు. అధ్యక్షుడు రిటైర్డ్ హెడ్మాస్టరు. సభ్యురాలు మేస్త్రి పిన్ని. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. ఇక సమావేశాల్లో జరిగింది రాసిపెట్టడానికి గుండ్రటి చేతిరాత ఉన్న మనిషి కావలసి వచ్చింది. ఆ పని పళ్ళ మేస్త్రికి అప్పగించారు.

మొదటి సమావేశం ఫాదర్ ఆఫీసు గదిలో జరిగింది. హెడ్మాస్టరు కళ్ళజోడు సర్దుకుని ఉత్తరం పైకి చదివారు. అసలు మాట దగ్గరికి వచ్చేసరికి గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఆగిపోయారు. రెండుసార్లు దగ్గారు.

“ఈ మాట ప్రతిసారీ రాయక్కర్లేదులే మేస్త్రీ. ‘అటువంటి వారు’ అని రాయి, సరిపోతుంది.”

మేస్త్రి అలాగే రాశాడు.

“ఇంతకీ మన విచారణలో అటువంటి వారు ఎవరైనా ఉన్నారంటారా?” అడిగారు ఫాదర్.

హెడ్మాస్టరు ఇనప బీరువా వైపు చూశారు. పిన్ని చేతిసంచి జిప్పు తీసి మళ్ళీ వేసింది.

“ఎవరూ లేరండీ,” అంది పిన్ని గబగబా. “మన దగ్గర అలాంటివేం లేవు.”

“నాకు తెలిసీ లేరు,” అన్నారు హెడ్మాస్టరు. “అయినా బయటినుంచి ఎవరైనా వస్తే మనం మర్యాదగా ఉండాలి కదా.”

‘విచారణలో అటువంటి వారు లేరని సభ్యులు ఏకగ్రీవంగా అభిప్రాయపడ్డారు’ అని రాసి, మేస్త్రి కింద గీత కొట్టాడు. తనను లేడని తేల్చిన వాక్యాన్ని తన చేత్తోనే, తప్పుల్లేకుండా రాశాడు.

సాయంత్రం డ్రైవరు డ్యూటీ దిగి వచ్చి సాక్సులు విప్పుకుంటుంటే ఇదంతా చెప్పాడు. డ్రైవరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

“అంటే నిన్నెలా పిలవాలో వాళ్ళు చెప్తుంటే నువ్వు రాసిపెడుతున్నావన్నమాట.”

“నీట్‌గా రాస్తున్నా.”

“వాళ్ళకి చెప్పెయ్యొచ్చుగా?”

మేస్త్రి పొయ్యి మీది పాల దగ్గరికి వెళ్ళాడు. అవి ఇంకా పొంగే దాకా రాలేదు. డ్రైవరుకి దేవుడి మీద నమ్మకం లేదు. అయినా ప్రతి ఆదివారం మేస్త్రిని బండి మీద గుడి దగ్గర దింపి, ఎదురుగా టీ కొట్టులో పేపరు చదువుతూ కూర్చుంటాడు. పూజ ఎంతసేపు పడుతుందో ఫాదర్ కంటే అతనికే బాగా తెలుసు.

పూజలో మేస్త్రిది మూడో వరుస. గురువు ఇచ్చే అప్పం, దివ్యసత్ప్రసాదం కోసం అందరూ లేచి వరుస కట్టినప్పుడు అతను మాత్రం మోకాళ్ళు ఒక పక్కకు తిప్పి, పక్కవాళ్ళకు దారి ఇచ్చి, అక్కడే ఉండిపోతాడు. కాలు పట్టేసిందని చెబుతాడు. పదకొండేళ్ళుగా పట్టేసే ఉన్న ఆ కాలికి ఏ డాక్టరు మంచిదో పెద్దవాళ్ళు చాలామంది చెప్పారు. అసలు సంగతి వేరు. ప్రసాదం తీసుకోవాలంటే ముందు గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేయాలి. కోపాలు, అబద్ధాలు, ఎగ్గొట్టిన జపమాలలు అన్నీ అతను ఒప్పుకునేవాడు. డ్రైవరు దగ్గరికి వచ్చేసరికి నోరు పెగిలేది కాదు. పాపమైతే చెప్పాలి. కాకపోతే ఎందుకు దాస్తున్నట్టు? రెండింటిలో ఏదీ తేలక ఒక శనివారం మధ్యలోనే లేచి వచ్చేశాడు. ఆ తర్వాత మళ్ళీ వెళ్ళలేదు.

రెండో సమావేశంలో ఏర్పాట్ల గురించి మాట్లాడుకున్నారు. గుడి వెనక సామాన్ల గదిలో, ప్రతి శనివారం సాయంత్రం అయిదింటికి కలవాలన్నారు. వచ్చేవాళ్ళు మొహమాటపడతారు కాబట్టి పక్క గుమ్మం వాడాలి, కిటికీకి తెర కట్టాలి అని హెడ్మాస్టరు ప్రతిపాదించారు. ఫారం ఒకటి ఆయనే తయారుచేసి తెచ్చారు. పేరు, వయసు, జ్ఞానస్నానం తేదీ, ఆ కింద ‘ఎప్పటినుంచి’.

“ఎప్పటినుంచి అంటే ఏంటి మాస్టారూ?” ఫాదర్ ఇబ్బందిగా అడిగారు.

“రికార్డు కోసం,” అన్నారు హెడ్మాస్టరు. ఫాదర్ ఫారం మడిచి ఫైల్లో పెట్టుకున్నారు.

మొదటి శనివారం ఎవరూ రాలేదు. నలుగురూ గోడ పక్కన పేర్చిన విరిగిన బెంచీల మధ్య ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని బిస్కెట్లు తిన్నారు. రెండో శనివారమూ ఎవరూ రాలేదు. “ఇంత చేస్తుంటే ఒక్కడికైనా రావాలనిపించదా?” అని హెడ్మాస్టరు నొచ్చుకున్నారు. ఆయన పక్కనే కూర్చున్న మేస్త్రి ‘హాజరు: లేరు’ అని రాశాడు.

మూడో శనివారం పక్క గుమ్మంలో ఒక మగమనిషి నిలబడ్డాడు. నీలం చొక్కా, చేతిలో చిన్న పుస్తకం. లోపలికి తొంగిచూసి, “ఇదేనాండీ?” అన్నాడు.

హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది. ఆయన ఎదురెళ్ళి ఆ మనిషి రెండు చేతులూ పట్టుకున్నారు. “ఇదే బాబూ, ఇదే. భయపడకు. ఇక్కడ నిన్ను వేలెత్తి చూపేవాళ్ళు ఎవరూ లేరు.” పిన్ని కుర్చీ తుడిచి, టీ పోసి, బిస్కెట్ల ప్లేటు మొత్తం అతని ఒళ్ళో పెట్టింది. ఫాదర్ అతని తల మీద చెయ్యి వేసి చిన్న ప్రార్థన చేశారు. ఆ మనిషి కళ్ళు మూసుకుని అన్నిటికీ తలూపాడు. టీ తాగేశాడు. చివరకు చాలా వినయంగా, “మీటరు ఈ గదిలోనే ఉందన్నారండీ. నీళ్ళ మీటరు. రీడింగు రాసుకుని వెళ్ళిపోతాను,” అన్నాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఏ ఆఫీసులోనూ తనకు ఇంత మర్యాద జరగలేదన్నాడు.

నాలుగో శనివారం హెడ్మాస్టరు తీర్మానం రాసుకుని మరీ వచ్చారు. “మనం చేయాల్సింది చేశాం. అవసరం ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. బిషప్‌గారికి అదే రాసి సంఘం రద్దు చేద్దాం. రాసుకో మేస్త్రీ. ‘నాలుగు వారాలు వేచి చూసినప్పటికీ అటువంటి వారు ఒక్కరూ రానందున…’”

మేస్త్రి ‘నాలుగు వారాలు’ వరకు రాసి కలం పక్కన పెట్టాడు.

“ఒకడు వచ్చాడు మాస్టారూ.”

“మీటరు మనిషిని లెక్కలోకి తీసుకోకూడదు.”

“అతను కాదు. నాలుగు వారాలూ వచ్చినవాడు.”

“ఎవరు? నేను చూడలేదే?”

“నేనే.”

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుని అతన్ని చూశారు. ఆయన మొహంలో కోపం లేదు. లెక్క తప్పిన మనిషి కంగారు ఉంది.

“నువ్వు కార్యదర్శివి కదయ్యా,” అన్నారు. “నువ్వే అయితే మరి ఇవన్నీ ఎవరు రాస్తారు?”

“నేనే రాస్తాను. ఇన్నాళ్ళూ రాయలేదా?”

అతను పిన్ని వైపు చూడలేకపోయాడు. పిన్నే మాట్లాడింది.

“నాకు నీ పదిహేడో ఏటి నుంచీ తెలుసురా నాన్నా.”

“మరి ఆ రోజు ఎవరూ లేరన్నావుగా పిన్నీ?”

“ఉన్నారంటే ఈయన నీ చేత ఫారం నింపించేవాడు,” అంది హెడ్మాస్టరు వైపు చూపించి. “నిన్ను ఎవరైనా ఒక మాట అంటే అడ్డం పడదామనే ఈ సంఘంలో చేరాను. లేకపోతే శనివారం పూట ఇంట్లో నాకు పని లేకనా?”

ఫాదర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. “మేస్త్రిగారూ, మేం ఏం చేస్తే మీకు బాగుంటుంది?” అని అడిగారు. నాలుగు వారాల్లో ఆ ప్రశ్న ఎవరైనా అడగడం అదే మొదటిసారి.

మేస్త్రి రికార్డు పుస్తకం మూశాడు. “పోయినేడు మా డ్రైవరుకి గుండె ఆపరేషన్ అయింది, ఫాదర్. మీరు అప్పటికి రాలేదు. మూడు రోజులు ఆస్పత్రి వరండాలో కూర్చున్నాను. పూజలో ఆయన కోసం ప్రార్థించమని గుడి చీటీ నింపి పంపాను. బంధుత్వం అనే గడి ఖాళీగా ఉందని తిప్పి పంపేశారు.”

“నేనే పంపాను,” అన్నారు హెడ్మాస్టరు నెమ్మదిగా. “అసంపూర్ణంగా ఉన్నవి తీసుకోం కదా.”

“ఆ గడిలో ఏం రాయాలో తెలియలేదు మాస్టారూ. స్నేహితుడు అంటే అబద్ధం. ఉన్నది రాస్తే మీరు చదవరు.”

పిన్ని అతని ముందున్న కలం తీసుకుంది. చేతిసంచిలోంచి పాత కవరు ఒకటి తీసి, వెనకవైపు వంకరటింకర అక్షరాలతో డ్రైవరు పేరు రాసింది. పక్కన ‘మా ఇంటి మనిషి’ అని రాసి హెడ్మాస్టరు చేతిలో పెట్టింది.

“ఇప్పుడు గడి నిండిందా?”

“ఆపరేషనయి ఏడాది దాటింది కదమ్మా.”

“కృతజ్ఞత చెప్పడానికి గడువు ఉంటుందా మాస్టారూ?” అన్నారు ఫాదర్. ఆయన హెడ్మాస్టరుకు ఎదురు చెప్పడం కూడా అదే మొదలు. హెడ్మాస్టరు కవరు మడిచి జేబులో పెట్టుకున్నారు.

గురువారం మధ్యాహ్నం మేస్త్రి గుడికి వెళ్ళాడు. ఫాదర్ అతన్ని పాపసంకీర్తనం చేసే పెట్టె దగ్గరికి తీసుకెళ్ళకుండా మూడో వరుసలోనే పక్కన కూర్చున్నారు. పదకొండేళ్ళుగా అటూ ఇటూ తేలనిదంతా మేస్త్రి చెప్పాడు.

“ఇన్నేళ్ళూ దీని గురించి ఎవరితో మాట్లాడారు?” అడిగారు ఫాదర్.

“దేవుడితోనే. ఇంట్లో ఆయనకి నమ్మకం లేదుగా.”

“అయితే పదకొండేళ్ళుగా మీరు విడవకుండా ప్రార్థన చేస్తున్నారు. నేను ఇక్కడికొచ్చాక అందులో సగం కూడా చేసి ఉండను.” ఫాదర్ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. “నా దగ్గర పెద్ద సమాధానాలు లేవు మేస్త్రిగారూ. మీరూ దేవుడూ నాకంటే చాలా ముందు నుంచి మాట్లాడుకుంటున్నారు. మధ్యలో నేనొచ్చి తలుపు వెయ్యను.”

ఆదివారం ప్రార్థనల్లో హెడ్మాస్టరే మైకు ముందు నిలబడి చదివారు. డ్రైవరు పేరు, ‘మేస్త్రి ఇంటి మనిషి’, శస్త్రచికిత్స తర్వాత కోలుకున్నందుకు కృతజ్ఞతలు. ఒక్క తల కూడా వెనక్కి తిరగలేదు. ప్రభువా, మా మనవి ఆలకించండి అని అందరూ ఎప్పటిలాగే కాస్త సాగదీస్తూ అన్నారు. పదకొండేళ్ళు అతను భయపడిన క్షణం, ఎవరికో పొలమారిన దగ్గుతో గడిచిపోయింది. పూజ అయ్యాక ఒక ముసలావిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. కింది పళ్ళ సెట్టు వదులైందని చెప్పి ఆవిడ వెళ్ళిపోయింది.

సంఘం రద్దు కాలేదు. బిషప్‌గారికి పంపే నివేదికలో ‘కొత్తగా చేరినవారు’ అన్న చోట ఏం వేయాలో తెలియక హెడ్మాస్టరు రెండు రోజులు సతమతమై, ‘ఒకరు, పాతవారే’ అని రాశారు. ఫారంలోంచి ‘ఎప్పటినుంచి’ మాత్రం ఆయనే కొట్టేశారు. నెల తిరిగేసరికి ఇంకో ఇద్దరు వచ్చారు. వారిలో ఒకావిడ తన కూతురి గురించి మాట్లాడటానికి వచ్చింది. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా ఆ గుడికి వస్తున్నవాళ్ళే.

డ్రైవరు పేరు చదివిన ఆదివారం మేస్త్రి ప్రసాదానికి లేవలేదు, ఆ పై వారమూ లేవలేదు. మూడో వారం వరుసలో నిలబడ్డాడు. ఫాదర్ అందరితో అన్న మాటే అతనితోనూ అన్నారు. అందరూ చెప్పిన జవాబే, ఆమెన్ అని, అతనూ చెప్పాడు. తిరిగొచ్చి మొహం అరచేతుల్లో దాచుకుని, చివరి పాట అయిపోయేదాకా అలాగే ఉండిపోయాడు.

బయటికి వచ్చేసరికి డ్రైవరు బండి స్టార్ట్ చేసి ఉంచాడు.

“ఏంటి, ఇవాళ లేటయింది?”

“లైను పొడుగ్గా ఉంది.”

డ్రైవరు అద్దంలోంచి అతన్ని ఒకసారి చూశాడు. “నువ్వు నిలబడ్డావా?”

“ఊఁ.”

“కాలు ఎలా ఉంది?”

“బానే ఉంది,” అని మేస్త్రి వెనక ఎక్కి కూర్చున్నాడు.