గుమ్మం దగ్గర ఆగిన రోబో

అమ్మ మేడమెట్లు చకచకా ఎక్కేసేది. వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి మాత్రం పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోయేది. మెదడు జబ్బని డాక్టరు చెప్పినా నాన్న నమ్మేవాడు కాదు. మెట్ల మీద రాని జబ్బు గుమ్మం దగ్గరెందుకొస్తుంది, అంతా నాటకం అనేవాడు. అమ్మ చిన్నబుచ్చుకునేది. నాకు ఒళ్లు మండిపోయేది.

నా ఉద్యోగం రోబోల ల్యాబులో. ఈ జబ్బులో నడకను నడిపించే మెదడు సంకేతాలు ఎలా దెబ్బతింటాయో లెక్కగట్టి, అదే లోపం రెండు కాళ్ల రోబోకు పెట్టాం. అది గుమ్మం ముందు ఆగితే మా లెక్క సరైనట్టు. నలభైసార్లు నడిపించాం. మహారాజులా నలభైసార్లూ దాటేసింది. అది దాటిన ప్రతిసారీ నాన్నే గెలిచినట్టనిపించి ఏడుపొచ్చేది.

ఒకరోజు అమ్మను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్తుంటే నా భుజం గుమ్మానికి ఠక్కున కొట్టుకుంది. నొప్పి సంగతి మరిచిపోయి టేపు తెచ్చి కొలిచాను. రెండడుగుల రెండంగుళాలు. చక్రాల కుర్చీ హాయిగా పట్టాలని ల్యాబులో మేం కట్టించిన గుమ్మం నాలుగడుగులు. పన్నెండుమంది ఇంజనీర్లం, ఇరుకు గుమ్మం మాటే ఒక్కరికీ తట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

వడ్రంగి చేత మా వంటింటి కొలతలకే గుమ్మం చేయించి, అమ్మానాన్నలను ల్యాబుకు తీసుకెళ్లాను. నాన్నను బతిమాలడానికే వారం పట్టింది.

రోబో మొదట మెట్లు ఎక్కి దిగింది. నాన్న నావైపు అదోలా చూశాడు. తర్వాత అది గుమ్మం వైపు నడిచింది. దగ్గరికి వచ్చేకొద్దీ అడుగులు చిన్నవయ్యాయి. మోకాళ్లు వణికాయి. అచ్చం అమ్మలాగే ఆగిపోయింది. ల్యాబంతా చప్పట్లతో మారుమోగిపోయింది. నేనైతే ఏడ్చేశాను.

అమ్మ నాన్నవైపు తిరిగి నెమ్మదిగా అంది.

"ఇప్పుడు దాన్ని కూడా తిట్టండి."



మెట్ల అంచుల్లా దాటడానికి కంటి ముందు ఒక గీత ఉంటే కాలు లేస్తుందని, గుమ్మం ముందు నేల మీద ఎర్ర టేపు అడ్డంగా అంటించాం. రోబో కెమెరాతో దాన్ని చూసి, కాలెత్తి గీత దాటి, గుమ్మంలోంచి వెళ్లిపోయింది. ఆ టేపు చుట్ట నాన్న అడిగి మరీ ఇంటికి తెచ్చుకున్నాడు.

ఇంటికి రాగానే చొక్కా కూడా మార్చుకోకుండా వంటింటి ముందు మోకాళ్ల మీద కూర్చుని, స్కేలు పెట్టి మరీ మూడు గీతలు అంటించాడు.

"నిన్ను చాలా మాటలన్నాను. తప్పు నాదే. కాలెత్తి వెయ్యి, నేనిక్కడే ఉన్నా," అన్నాడు.

అమ్మ గీత మీదుగా కాలెత్తి వేసింది. ఆగకుండా లోపలికి వెళ్లింది. ఆ సాయంత్రం ఏ పనీ లేకపోయినా వంటింట్లోకి పదిసార్లు వెళ్లొచ్చింది.