చుక్కకు కుట్టిన అద్దాల గుడ్డ

శేషన్న ఒంటికి రెండోసారి సబ్బు రాసుకుంటున్నాడు. మొదటిసారి చెమటకు, రెండోసారి గుర్రానికి. గోళ్ల సందులు పాత బ్రష్షుతో రుద్దుకున్నాడు. చెవుల వెనక రుద్దుకున్నాడు. నెరిసిన మీసాలను దోసిట్లో నీళ్లు పట్టి ముంచి కడుక్కున్నాడు. గుర్రం పనికి వేసుకునే చొక్కా, లుంగీ కొట్టంలో కొయ్యకు వేలాడుతున్నాయి. అవి ఎప్పుడూ అక్కడే ఉంటాయి. ఇంటి బట్టలు మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి. వాటిని తీసి తొడుక్కుని, అరచేతులు ముక్కుకు ఆనించుకుని వాసన చూసుకున్నాడు. సబ్బు వాసన తప్ప ఏమీ రాలేదు. అప్పుడు ఇంటివైపు నడిచాడు.

కొట్టానికీ ఇంటికీ మధ్య ఒక ఖాళీ జాగా ఉంది. ఎవరిదో తెలియని ఆ జాగాలో సర్కారు తుమ్మలు మొలిచాయి. ఆదోనిలో ఇళ్ల మధ్య అంత ఖాళీ దొరకడం కష్టం. కొట్టానికి చోటు వెతికేటప్పుడు శేషన్న చూసుకున్నది నీళ్లూ కాదు, నీడా కాదు, ఈ దూరమే.

గడపలో కూర్చుని మారెమ్మ ఎర్ర మఖమలు గుడ్డకు చివరి అంచు కుడుతోంది. సన్నటి మనిషి. కళ్లద్దాల కాడకు దారం చుట్టుకుంది. ఒడినిండా రూపాయి బిళ్లంత అద్దాలు.

"తోమినావా దాన్ని?" అంది తలెత్తకుండా.

"తోమినా. ముసల్దైనా తెల్లగా మెరుస్తాంది."

"ముసల్దని దాని ముందర అనలేదు గదా?"

"నీ ముందర నిన్నే అనను, దాన్నంటానా?"

మారెమ్మ నవ్వబోయి దగ్గింది. శేషన్న నవ్వు ఆగిపోయింది. ఆమె దగ్గు ఏ రకందో అతనికి తెలుసు. ఇది ఉత్త దగ్గే. ఊపిరి పీల్చుకున్నాడు.

ఆమెకు గుర్రం పడదు.

ఈ సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది. పెళ్లయిన కొత్తలో ఆమె పత్తి మిల్లులో పనికి పోయేది. గుర్రాన్ని ఇంటి వసారాలోనే కట్టేవారు. ఆమెకు దగ్గు మొదలైంది, ఆయాసం మొదలైంది, రాత్రిళ్లు గోడకు ఆనుకుని కూర్చునేది. ఆదోనిలో ఆడమనిషి దగ్గితే మిల్లులో ఎగిరే పత్తి దూగరే అంటారు. మిల్లులో తోటివాళ్లు అదే అన్నారు. డాక్టరూ అదే అన్నాడు. పని మానేసింది. మానేశాక పగలంతా ఇంట్లోనే ఉంది, ఆయాసం రెట్టింపైంది. ఒకసారి శేషన్న గుర్రాన్ని తోలుకుని జాతరకు పోయి కొన్నాళ్లకు తిరిగొచ్చాడు. అన్నాళ్లూ ఆమె హాయిగా నిద్రపోయింది. అతను వచ్చి తుండుగుడ్డ కొయ్యకు తగిలించిన కాసేపటికే రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాయి.

"పత్తి కాదు మామా," అంది ఊపిరందక. "నీ తుండు."

కర్నూలులో పెద్ద డాక్టరు పరీక్షలు చేసి అదే మాట చెప్పాడు.

మరుసటి రోజే శేషన్న గుర్రాన్ని అమ్మడానికి విప్పాడు. తండ్రి జట్కా తోలినప్పటినుంచి గుర్రం తప్ప వేరే పని ఎరగని మనిషి. మారెమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరంగా నిలబడి అరిచింది.

"పెండ్లానికి దమ్ము ఎగేస్తాదని గుర్రాన్ని అమ్ముకున్యాడంటే నేను వీధిలో తలెత్తుకోని తిరగాల్నా? యాడన్నా దూరంగా కొట్టం ఏసుకో. నువ్వు గుర్రమోనివి. నేను గుర్రమోని పెండ్లాన్ని."

అప్పటినుంచి ఇదే బతుకు. కొట్టంలోది ఏదీ ఇంట్లోకి రాదు. మారెమ్మ మళ్లీ మిల్లుకు పోయింది. అక్కడ పక్కన పనిచేసే లంబాడీ ఆడమనిషి దగ్గర అద్దాల కుట్టు నేర్చుకుంది. చుక్క వచ్చాక దానికి గుడ్డ కుడతానంది. నుదుట నల్లమచ్చ ఉన్న తెల్లగుర్రం చుక్క. దాన్ని ఆమె ఖాళీ జాగా ఇవతలినుంచి తప్ప చూడలేదు. కొలతలెట్లా? శేషన్న ఇంటి లోపలి గోడ దగ్గర నిలబడి చేతులతో చూపించాడు. వీపు ఇంత ఎత్తు, మెడ ఇక్కడ, పొట్ట ఇంత. ఆమె బొగ్గుతో గీసింది. గోడనిండా గుర్రం నిలబడింది. ఆ బొగ్గు గుర్రానికి గుడ్డ ఆనించి కొలిచి కుట్టింది. సున్నం కొట్టినప్పుడల్లా దాన్ని వదిలేసి చుట్టూ కొట్టారు.

గుడ్డ ఒకసారి గుర్రం మీద పడితే ఇక ఇంటికి రాదు. అందుకే ఆమె కుట్టినవన్నీ పోయేవే గాని తిరిగొచ్చేవి కావు. ఆస్పరిలో, పత్తికొండలో, చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలో పెండ్లికొడుకులు ఆ గుడ్డల మీద కూర్చుని ఊరేగారు. మారెమ్మ ఒక్క మెరవణీ చూడలేదు.

ఈ రోజు ఎమ్మిగనూరులో మారెమ్మ చెల్లెలు వనజ కొడుకు మారుతి పెండ్లి. చుక్కకు కాళ్లు వణుకుతున్నాయి. ఉగాది తర్వాత శేషన్న బేరాలు ఒప్పుకోవడం మానేశాడు. ఇదే చివరిదని ఇద్దరికీ తెలుసు.

"ఈపొద్దు నేనూ వస్తా మామా."

"ఏమ్మే, పానం మీదికి తెచ్చుకుంటావా?"

"వనజ మిద్దె మీద నిలబడతా. తడిగుడ్డ కట్టుకుంటా. పీల్చే మందు చేతిలో పెట్టుకుంటా. ఇన్నేండ్లు కుట్టినా, ఒక్కసారన్నా దాని మీద సూడొద్దా?"

శేషన్న కొత్త గుడ్డను మడిచి చంకలో పెట్టుకున్నాడు. గడప దిగి వెనక్కి తిరిగాడు.

"నేను సైగ చేస్తేనే పిట్టగోడ కాడికి రావాల."

"సరే పో."

మారెమ్మ బస్సులో పోయింది, చుక్కను తమ వీధిలోని దేవేంద్ర ట్రాక్టరు ఎక్కించుకుని శేషన్న పోయాడు. సాయంత్రం ఎమ్మిగనూరు వీధిలో మగ్గాల చప్పుడు ఆగి బ్యాండు మొదలైంది. చుక్క మెడలో బంతిపూలు, నుదుట కుచ్చు, వీపు మీదినుంచి మోకాళ్ల దాకా ఎర్రటి గుడ్డ. సీరియల్ బల్బుల వెలుగు తగిలి ప్రతి అద్దంలో ఒక దీపం వెలిగింది. పైన మారుతి బిగుసుకుని కూర్చున్నాడు. శేషన్న కళ్లెం పట్టుకుని మెల్లగా నడిపిస్తున్నాడు. వణుకుతున్న కాలి వైపే తన భుజం ఆనించాడు, చూసేవాళ్లకు తెలియకుండా.

వనజ ఇంటి ముందుకు రాగానే గుర్రాన్ని ఆపాడు. జేబులోంచి చిటికెడు పత్తి తీసి గాలిలోకి వదిలాడు. ఇది అతని అలవాటు. ఆదోనిలో ఇంటి పక్కగా గుర్రాన్ని నడిపించేటప్పుడు పత్తి వదిలి, అది ఎటు పోతే గాలి అటని చూసుకుంటాడు. పత్తిపోగు మిద్దెకు ఎదురుదిక్కున, అంగళ్లవైపు తేలిపోయింది. శేషన్న చెయ్యెత్తాడు.

పిట్టగోడ మీద తడి తుండు చుట్టుకున్న ఒక ముఖం కనిపించింది. కళ్లు మాత్రమే బయటికున్నాయి.

"ఏంటికి నిలిపినావన్నా? డ్యాన్సు చేయిస్తావా?" అన్నాడు డోలు వాయించే రాజశేఖర్. గుడ్డ అంచు పట్టి చూశాడు. "యాడ తెప్పించినావు దీన్ని? హైదరాబాదులోనా?"

"మా ఇంట్లో ఆమె కుట్టింది."

"అట్లనా! ఆయమ్మను సూపియ్యన్నా."

"ఆ మిద్దె మీద సూడు."

"ఆడ ఏం చేస్తాంది? కిందికి పిలువు."

"గుర్రం పడదప్పా ఆమెకు. దమ్ము ఎగేస్తాది."

రాజశేఖర్ డోలు కర్రలు పైకెత్తి నవ్వాడు. "గుర్రమోని పెండ్లానికి గుర్రం పడదా! ఎట్ల కాపరం చేసినావన్నా?"

"దినామూ రెండు తూర్లు సబ్బు పెట్టుకోని," అన్నాడు శేషన్న.

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నవ్వుతూనే అందరూ మిద్దెవైపు చూశారు. ఎవరో ఆడమనిషి "అక్కా, శానా బాగుంది!" అని కేక వేసింది.

శేషన్న చుక్క చెవిలో ఏదో చెప్పాడు. చుక్క ముందుకాలు ఎత్తి, ఉన్నచోటనే మెల్లగా చుట్టూ తిరిగింది. ముందు ఎడమ పక్క కనిపించింది, తర్వాత వెనక, తర్వాత కుడి పక్క. అద్దాలు వీధంతా వెలుగు చల్లాయి. మారుతి కూడా తలెత్తి "పెద్దమ్మా!" అని చెయ్యూపాడు. మిద్దె మీది మనిషి పిట్టగోడ రెండు చేతులా పట్టుకుని నిలబడింది. దగ్గలేదు.

ఆదోనికి తిరిగొచ్చి, సబ్బు పెట్టుకుని, బట్టలు మార్చుకుని శేషన్న గడప ఎక్కేసరికి మారెమ్మ అన్నం పెట్టుకుని కూర్చుని ఉంది. అన్నం వడ్డించింది. అతను తిన్నాక అంది.

"ఎడమ పక్క అంచు జారతాంది మామా. పొట్ట కింద కట్టేదానికి నాడా కుట్టి ఇస్తా, రేపు కట్టు."

"రేపు మెరవణి యాడుందే?"

"లేకపోతే ఏమి? దానికి కట్టి నిలబెట్టు. జారితే నాకు నామోషి."

తెల్లవారి శేషన్న కొట్టానికి పోయాడు. వెంటనే తిరిగి రాలేదు. వచ్చినప్పుడు జుట్టునుంచి నీళ్లు కారుతున్నాయి. ఒంటి మీద ఇంటి బట్టలున్నాయి. మారెమ్మ చేతిలో అప్పుడే కుట్టిన ఎర్ర నాడా ఉంది. అతను దాన్ని చూసి, పక్కనే గడపలో కూర్చున్నాడు.

"అది అక్కర లేదు మే."

ఆమె సూదిని దారపు ఉండకు గుచ్చింది.

"పడుకోనే పోయిందా?"

"పడుకోనే. ఉలవలు ముందరే ఉండాయి."

"ఇంత దుఃఖంలో కూడా సబ్బు పెట్టుకోని వచ్చినావా మామా?"

"దినామూ పెట్టుకుంటా గదా."

దేవేంద్ర ట్రాక్టరు వచ్చింది. వీధిలో మగవాళ్లంతా తలా ఒక చెయ్యి వేశారు. శేషన్న ఖాళీ జాగాలోకి వచ్చి, ఇటువైపు చూసి కేక వేశాడు.

"గుడ్డ దాని మీద కప్పి పంపిద్దామా?"

"వద్దు!" అంది మారెమ్మ గడపలోంచి. గట్టిగా అరిచింది. "రేపు ఎవురన్నా వచ్చి ఇట్లాంటి గుడ్డ కావాలని అడిగితే ఏం సూపిస్తావు? బాగా ఉతికి ఆ గోడకెయ్యి."

కొండకింది బీడులో చుక్కను పూడ్చి వచ్చాక శేషన్న గుడ్డను సిమెంటు తొట్టిలో నానబెట్టి, రెండుసార్లు సబ్బు పెట్టి ఉతికాడు. కొట్టం బయటి గోడకు మేకులు కొట్టి, ఇంటివైపు ముఖం చేసి పరిచాడు. మారెమ్మ ఇంటి తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచింది.

ఎండ వాలి గోడ మీద పడింది. ఖాళీ జాగా దాటి, గడప దాటి అద్దాల వెలుగు ఇంట్లోకి వచ్చింది. ఆవలి గోడ మీది తడిగుడ్డ గాలికి కదిలినప్పుడల్లా, ఇవతలి గోడ మీద బొగ్గు గుర్రం వీపున వెలుగు బిళ్లలు అటూ ఇటూ కదిలాయి.